తొంభై దాటితే వణుకు

ఆ ఆదివారం పొద్దున ఉదయ్ భాస్కర్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. భార్యను కారెక్కించుకుని, గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, ఘట్‌కేసర్ దగ్గర దిగి, అక్కడెవరో కొత్తగా పెట్టిన హోటల్లో పెసరట్టు తిని, పదకొండు గంటలకల్లా కొండాపూర్‌లోని ఫ్లాట్‌కి తిరిగొచ్చేయడం. పెసరట్టు కొండాపూర్‌లో దొరకదా అంటే, వీధికి నాలుగు చోట్ల దొరుకుతుంది. కానీ అరవై కిలోమీటర్లు వెళ్ళి తిన్న పెసరట్టు రుచే వేరని ఐటీ ఉద్యోగులంతా కలిసి ఎప్పుడో తీర్మానం చేసుకున్నారు.

బయల్దేరే ముందు అతను వంటగది వెనక బాల్కనీలో ఉన్న వాషింగ్ మెషీన్లో బట్టలు వేసి స్విచ్ నొక్కాడు. మెషీన్ చప్పుడు లేకుండా తిరగడం మొదలుపెట్టింది.

"చూశావా, ఎంత బుద్ధిగా తిరుగుతోందో! దసరా ముందు దాకా ఇది స్పిన్‌లోకి వచ్చిందంటే కింది ఫ్లాట్ వాళ్ళు ఫోన్ చేసేవాళ్ళు. కుడి కాలు కింద చిన్న సపోర్టు పెట్టాను, అంతే. నోరెత్తడం లేదు" అన్నాడు గర్వంగా. ఈ మాట ప్రవీణ వినడం అది పదోసారి.

ఉదయ్ భాస్కర్ హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పనిచేస్తాడు. పేమెంట్ల సాఫ్ట్‌వేర్ ఎప్పుడైనా కుప్పకూలితే, అది ఎందుకు కూలిందో, తప్పెవరిదో కనిపెట్టే టీముకి అతను లీడ్. పన్నెండేళ్ళుగా అదే పని చేస్తూ ఉండటం వల్ల, ప్రపంచంలో ఏది చెడిపోయినా దానికి ఎవరో ఒక దోషి ఉంటాడని, ఆ దోషి తాను మాత్రం కాడని అతనికి గట్టి నమ్మకం ఏర్పడింది. ప్రవీణ బాచుపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. జూన్‌లో డ్రైవింగ్ నేర్చుకుంది. అప్పటి నుంచి రోజూ కారులో ఔటర్ ఎక్కి, మల్లంపేట దగ్గర దిగి, ఎనిమిదింటి క్లాసుకి పది నిమిషాల ముందే వెళుతోంది. ఉదయ్ భాస్కర్ ఆఫీసుకి కంపెనీ క్యాబ్ వస్తుంది కాబట్టి వారమంతా కారు ఆమెదే.

ఆ ఆదివారం మాత్రం స్టీరింగ్ ముందు అతను కూర్చున్నాడు. ఔటర్ మీద బండి తొంభై దాటగానే స్టీరింగ్ సన్నగా వణికింది. తొంభై అయిదుకి అతని చేతులు వణికాయి. నూటికి చేతులతో పాటు బుగ్గలు కూడా వణికాయి.

"ఏంటిది?" అన్నాడు, వణుకుతున్న గొంతుతో.

"నేను వారం నుంచి చెబుతున్నది ఇదే."

"నాకెప్పుడు చెప్పావు?"

"పోయిన సోమవారం చెప్పాను. మీరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'యా, యా, అగ్రీడ్' అన్నారు."

"అది నీతో కాదు, క్లయింట్‌తో."

"నాతో కాదని నాకూ తెలుసండీ. నా మాటకి మీరెప్పుడు ఒప్పుకున్నారు గనకండీ!"

ప్రవీణ విషయంలో ఒక సంగతి తెలుసుకోవాలి. ఆమెకు కోపం పెరిగేకొద్దీ గొంతు పెరగదు, మాటల్లో 'అండీ'లు పెరుగుతాయి. మామూలుగా నాలుగు వాక్యాలకి ఒకటి వస్తుంది. వాక్యానికి రెండు వచ్చాయంటే ఇంట్లో ఎవరైనా సరే పక్క గదిలోకి వెళ్ళడం మంచిది. కారులో పక్క గది ఉండదు.

"స్టీరింగ్ ఊగుతోందంటే ముందు చక్రాల బ్యాలెన్స్ తప్పిందన్నమాట. సీటు కూడా ఊగితే వెనక చక్రాలది కూడా. తొంభైకి మొదలై నూట పది దాటాక కాస్త తగ్గుతోంది. అంటే ఇది చక్రాల సంగతే. బోరబండలో వీరేశం గారని ఉన్నారు, మా స్టూడెంట్ రోహిణి వాళ్ళ నాన్న. ఆయనకిదే పని. అరగంటలో చూసి సరిచేస్తారు" అంది ప్రవీణ.

"లక్షల లైన్ల కోడ్‌లో తప్పు పట్టుకునేవాణ్ణి. నాలుగు చక్రాల సంగతి తేల్చడానికి రేకుల షెడ్డుకి వెళ్ళాలా?" అన్నాడు ఉదయ్ భాస్కర్. "పద్ధతిగా ఆలోచిద్దాం. దసరా దాకా ఈ బండి వెన్నలా నడిచింది. దసరా తర్వాత నడిపిందెవరు?"

"నేనే. కానీ దసరా రోజు దాన్ని గంటసేపు తోమి తోమి కడిగిందెవరండీ?"

"కడిగి పూజ చేశాను. పూజ చేస్తే బండి పాడవుతుందా? పండగ పూట నిష్ఠగా చేసిన పని గురించి అలా మాట్లాడకు, కళ్ళు పోతాయి."

అక్కడితో ఆ దారి మూసుకుపోయింది. శంషాబాద్ దగ్గర బండి వెనక్కి తిప్పాడు. పెసరట్టు లేదు. దారి పొడవునా స్టీరింగ్ ఒక్కటే గొణుగుతూ ఉంది.

ఇంటికి రాగానే లాప్‌టాప్ తెరిచి, అనుమానాలన్నీ వరసగా ఒక ఎక్సెల్ షీటులో రాసుకున్నాడు. మొత్తం పదిహేడు తేలాయి. పదహారోది 'చక్రాలు'. మొదటిది 'డ్రైవర్'. ఆ మొదటి గడిని ఎర్ర రంగుతో నింపి, ప్రవీణ చేతిలోంచి తాళం తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.

"మూలం తేలేదాకా చేంజ్ ఫ్రీజ్. అంటే ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదు. బండి నా కస్టడీలో ఉంటుంది."

"మరి నా కాలేజీ అండీ?"

"నగరంలో ఆటోలు లేవా, బస్సులు లేవా?"

ఉన్నాయి. కొండాపూర్ నుంచి మియాపూర్‌కి షేర్ ఆటో, అక్కడి నుంచి బాచుపల్లికి బస్సు. ఆరుంబావుకి ఇంట్లోంచి బయటపడినా సోమవారం ఆమె కాలేజీ గేటు దగ్గరికి చేరేసరికి ఎనిమిదీ పది. మంగళవారం ఎనిమిదీ ఇరవై. ప్రిన్సిపాల్ పిలిచి, ఇంకొక్కసారి మొదటి పీరియడ్‌కి లేటయితే సీనియర్ సెక్షన్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని తేల్చి చెప్పాడు. ఆ సెక్షన్ కోసం ప్రవీణ నాలుగేళ్ళు జూనియర్లకు చెప్పింది. కారు తాళం పర్సులో ఉన్న ఈ నాలుగు నెలల్లో ఆమెకు ఎవరినీ ఏదీ అడగాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు ఆ తాళం పోయింది, సెక్షన్ కూడా పోయేలా ఉంది. బుధవారం నుంచి అయిదున్నరకే బయల్దేరి, బస్సులో నిలబడి, భర్తను మనసులో ఏకధాటిగా తిట్టుకుంటూ వెళ్ళసాగింది.

ఇటు ఉదయ్ భాస్కర్ పరిశోధన మొదలైంది. బరువు వల్లనేమోనని డిక్కీలో ఉన్నదంతా తెచ్చి హాల్లో పోశాడు. బియ్యం బస్తా, గొడుగులు, ఆమె చెప్పులు, పిల్లల ప్రాక్టికల్ రికార్డులు నలభై. బండి వణికింది. ఏసీ ఆపి చూశాడు. వణికింది. కాళ్ళ కింది మ్యాట్లు తీశాడు. ఆఖరికి డ్యాష్‌బోర్డు మీద ఉన్న చిన్న వినాయకుణ్ణి కూడా క్షమాపణ చెప్పి ఇంట్లో పెట్టి వెళ్ళాడు. అయినా వణికింది. ఇక డేటా కావాలనుకున్నాడు.

డేటా కోసం బుధవారం పొద్దున్నే తన టీములో కుర్రాడు ఆదర్శ్‌ని వెనక సీట్లో ఎక్కించుకున్నాడు. ఆదర్శ్ ఫోనులో వణుకుడు కొలిచే యాప్ ఒకటి వేయించి, ఆ ఫోన్ని డ్యాష్‌బోర్డుకి బోర్లా పెట్టి టేపుతో అతికించాడు. కొలతలు వెనక ఆదర్శ్ ఒళ్ళో ఉన్న లాప్‌టాప్‌లో గీతలుగా పడతాయి. కొలతకి అడ్డు రాకూడదని తన ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టాడు.

"అన్నా, నేనివాళ ఆన్ కాల్‌లో ఉన్నా. ఏదన్నా పడిపోతే ఫస్ట్ నాకే అలర్ట్ వస్తది" అన్నాడు ఆదర్శ్.

"గంటలో ఏం పడిపోదు. గీతలు చూడు."

ఔటర్ ఎక్కి కొల్లూరు వైపు వెళుతుండగా ఆదర్శ్ కేక పెట్టాడు. "అన్నా! భయంకరంగా ఉన్నయ్ స్పైక్స్! నలభైలో కూడా వస్తున్నయ్!"

"నలభైలోనా?"

"టోల్ దగ్గర ఆగినప్పుడు కూడా వచ్చినయ్ అన్నా!"

బండి నిలబడి ఉన్నా వణుకుతోందంటే చక్రాల పాపం కాదు. ఉదయ్ భాస్కర్ ముఖం వెలిగిపోయింది. ఇంజన్ని బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు పోయాయని అక్కడికక్కడే తేల్చేశాడు. చక్రాలు చక్రాలు అని పాడిన మనిషికి ఈ గీతలు చూపించాలని ఉబలాటపడ్డాడు. గంటన్నర తిరిగి, బండిని సర్వీస్ సెంటర్లో వదిలి, డ్యాష్‌బోర్డు మీది ఫోన్ ఊడదీసి చూస్తే దాని మీద నలభై మూడు అలర్టులున్నాయి. పేమెంట్ల సాఫ్ట్‌వేర్ పొద్దున ఏడింటికే కుప్పకూలింది. వైబ్రేషన్‌లో ఉన్న ఆ ఫోన్ అలర్టు వచ్చిన ప్రతిసారీ టేపు కింద గిజగిజ తన్నుకుంది. ఆదర్శ్ గంటన్నర పాటు శ్రద్ధగా గీసుకున్న గీతలు అవే.

ఆ సాయంత్రం మేనేజర్ ఒంటికాలి మీద లేచాడు. సాఫ్ట్‌వేర్ ఎందుకు కూలిందో ఎవరైనా కనిపెట్టవచ్చు, కూలినప్పుడు కారణాలు కనిపెట్టే టీము ఎక్కడుందో కనిపెట్టి సోమవారానికల్లా రిపోర్టు ఇమ్మన్నాడు. ఇంతా చేసి, రబ్బరు దిమ్మలు కొత్తవి వేయించాక శుక్రవారం ఔటర్ ఎక్కితే, బండి తొంభైకి వణికింది.

"చక్రాలు చూపించారా అండీ?" అని అడిగింది ప్రవీణ ఆ సాయంత్రం, బియ్యం బస్తా దాటుకుంటూ.

"పదహారో నంబర్‌కి ఇంకా రాలేదు. ఆరులో ఉన్నాను."

"మీరు పదహారుకి వచ్చేసరికి నేను రిటైరవుతానండీ. ఆ తాళం ఇటివ్వండీ, నేనే తీసుకెళతానండీ!"

ఒకే ఊపిరిలో మూడు అండీలు. ఉదయ్ భాస్కర్ తాళం జేబులో పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయాడు.

శనివారం కాలేజీకి సెలవు. పొద్దున్నే అతను ఒంటరిగా బయల్దేరాడు. ఈసారి బండి కింద ఏదో వదులైందని అతని అనుమానం. నార్సింగి దాటాక రోడ్డు పక్కన బండి ఆపి, టార్చి పట్టుకుని, వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. నడుము దాకా లోపల, రెండు కాళ్ళు బయట. అటుగా పోయేవాళ్ళకి ఆ కాళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. బండి కింద మనిషి పడ్డాడని ముగ్గురు దయగల మనుషులు వేరువేరుగా ఫోన్లు చేశారు. పది నిమిషాల్లో పెట్రోలింగ్ బండి, దాని వెనక అంబులెన్స్, దాని వెనక పాడైన బండ్లను లాక్కుపోయే టోయింగ్ లారీ వచ్చాయి.

ఎవరో తన కాళ్ళు పట్టుకుని లాగుతున్నట్టు తెలిసేసరికి ఉదయ్ భాస్కర్ సగం బయటికి వచ్చేశాడు. మొహం నిండా గ్రీజు, మోచేతికి గీరుకుపోయి రక్తం.

"వదలండ్రా! నాకేం కాలేదు! నేను రూట్ కాజ్ వెతుకుతున్నాను!" అని అరిచాడు.

"ఏదో ఇంగ్లీషుల కలవరిస్తుండు. తలకు దెబ్బ తాకినట్టున్నది. జల్ది కట్టుండ్రి" అన్నాడు అంబులెన్స్ మనిషి.

స్ట్రెచర్ మీద పడేసి బెల్టులు బిగించారు. అతను గింజుకున్న కొద్దీ వాళ్ళు ఇంకొంచెం బిగించారు. "నేను ఎవరో తెలుసా?" అని గద్దించాడు. ఆ మాటతో వాళ్ళకు అనుమానం రూఢి అయింది. తానెవరో మర్చిపోయాడు పాపం అని ఒకాయన నుదురు నిమిరాడు. బీపీ చూస్తే, వారం రోజులుగా ఉడికిపోతున్న మనిషికి ఎంత ఉండాలో అంతా ఉంది. సైరన్ మోగించుకుంటూ దవాఖానకి తీసుకుపోయారు.

టోయింగ్ లారీ అతను బండిని ఎక్కించుకుని, ఎక్కడ దింపాలో చెప్పే దిక్కు లేక అద్దం మీద చూశాడు. 'అత్యవసరమైతే' అన్న స్టిక్కర్ మీద ఒక నంబర్ ఉంది. అది జూన్‌లో ప్రవీణ అతికించింది. ఫోన్ చేశాడు.

"మనిషికి ఏమైందండీ?" అని కంగారుగా అడిగింది ప్రవీణ.

"ఏం గాలేదు మేడం, మోచెయ్యి గీరుకపోయింది. దవాఖానల అందర్ని తిడుతుండంట. బండి యాడ దించాలె?"

భర్త తిడుతున్నాడంటే క్షేమంగా ఉన్నట్టే. ఆమె ఊపిరి పీల్చుకుంది. "బోరబండ. వీరేశం గారి షాపు" అంది. వారం రోజులుగా ఆమె చెబుతున్న మాట మొదటిసారి ఒక మగవాడు విన్నాడు.

మోచేతికి కట్టుతో ఉదయ్ భాస్కర్ ఆటో దిగి బోరబండ షాపులోకి వచ్చేసరికి బండి జాకీ మీద ఉంది. ప్రవీణ స్టూలు మీద కూర్చుని టీ తాగుతోంది. వీరేశం ముందు చక్రాన్ని ఊడదీసి నిలబెట్టి, లోపలి వైపు వేలు పెట్టి చూపించాడు.

"సార్, గీడ చూడుండ్రి. రిమ్ము లోపట చదరపు మచ్చలు కనవడుతున్నయా? గీ జాగల వెయిట్లు అతికిచ్చి ఉంటరు. చక్రం ఒక దిక్కు బరువుంటే ఇంకో దిక్కు గవి పెట్టి సమానం చేస్తరు. మీ బండికి నాలుగు చక్రాలకూ లెవ్వు. అవంతట అవి రాల్తే ఒకటో రెండో రాల్తయి. గిట్ల సాఫ్‌గ పోవు. ఎవలో పీకిండ్రు."

"పీకారా?" ఉదయ్ భాస్కర్ కళ్ళు ఎర్రబడ్డాయి. వారం రోజుల అవమానం, స్ట్రెచర్ బెల్టులు, మేనేజర్ తిట్లు, అన్నిటికీ కలిపి ఇన్నాళ్ళకి ఒక దోషి దొరకబోతున్నాడు. "అంటే ఇది దొంగతనం! మన సెల్లార్‌లో రోజూ నా చక్రాల దగ్గర చెయ్యి పెట్టేదెవడు? మల్లయ్య!"

మల్లయ్య వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే అందరి కార్లూ కడిగే మనిషి.

"జర ఆగుండ్రి సార్, వెయిట్ ఎట్లుంటదో చూడుండ్రి ముందుగాల" అని వీరేశం డబ్బాలోంచి బూడిదరంగు చదరపు బిళ్ళ ఒకటి తీసి చూపించబోయాడు. ఉదయ్ భాస్కర్ అప్పటికే అటు తిరిగి ఫోన్లో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు తెరిచి టైపు చేస్తున్నాడు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేక వీరేశం ఆ బిళ్ళని ప్రవీణ చేతిలో పెట్టాడు.

ప్రవీణ దాన్ని తిప్పి చూసింది. మళ్ళీ తిప్పి చూసింది. టీ గ్లాసు కింద పెట్టింది.

"ఏవండీ, అది గ్రూపులో పెట్టేముందు ఒక్క నిమిషం నా మాట వినండి."

"నువ్వు ఆ దొంగని వెనకేసుకురాకు. వారం నుంచి నీ మాటలు వినే ఇక్కడిదాకా వచ్చింది."

ప్రవీణ అతని ముఖం వంక చూసింది. ఆమెకు అంత కోపం పెళ్ళయ్యాక ఎప్పుడూ రాలేదు. ఎంత కోపమంటే, అండీ కూడా రాలేదు.

"సరే. మీ ఇష్టం" అంది.

పెట్టాడు. అపార్ట్‌మెంట్ గ్రూపులో నూట నలభై కుటుంబాలకి మల్లయ్య దొంగ అని తెలిసింది. వీరేశం కొత్త వెయిట్లు వేసి చక్రాలు బిగించాక, కారు ఇంటికి తెచ్చి, తాళం మళ్ళీ జేబులో వేసుకున్నాడు ఉదయ్ భాస్కర్. దొంగకి శిక్షపడే దాకా కేసు మూసినట్టు కాదన్నాడు. ఆ సాయంత్రం వంటగది వెనక బాల్కనీలో బరువైనదేదో జరిపిన చప్పుడైంది. తర్వాత ప్రవీణ చేతులు కడుక్కుని, కిందికి వెళ్ళి వాచ్‌మన్ గది దగ్గర మల్లయ్యతో కాసేపు మాట్లాడి వచ్చింది.

ఆదివారం పదింటికి అసోసియేషన్ గదిలో మీటింగ్. సెక్రటరీ జయంతి గారు సెల్లార్ సీసీ కెమెరా రికార్డింగ్‌ని పెద్ద టీవీకి తగిలించింది. గదిలో ముప్పై మంది దాకా చేరారు. మల్లయ్యను ప్రవీణ ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"పన్నెండేండ్ల సంది కడుగుతున్న. ఎవ్వలదన్న ఒక్క వైపర్ పుల్ల పోయిందా? ఏ మొహం పెట్టుకొని నన్ను దొంగ అంటరు సార్?" అన్నాడు మల్లయ్య.

"రికార్డింగ్ చూశాక నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావో చూద్దాం. ఇతన్ని ఇక ఈ గేటు లోపలికి రానివ్వకూడదు, అందరి ముందూ చెబుతున్నాను" అన్నాడు ఉదయ్ భాస్కర్.

"ముందు చూద్దామండీ" అంది జయంతి గారు. "మల్లయ్య దసరాకి మూడు రోజులు సెలవు పెట్టి ఊరెళ్ళాడు. మీ బండి వణకడం దసరా తర్వాతే కదా మొదలైంది. పండగ ముందు రోజు నుంచి వేస్తాను."

ముందు రోజు ఏమీ లేదు. పండగ రోజు పొద్దున ఏడుంబావు. బక్కెట్టు పట్టుకుని ఒక మనిషి కెమెరాకి వీపు పెట్టి కారు దగ్గరికి వచ్చాడు. పంచె కట్టుకుని ఉన్నాడు. చక్రం ముందు గొంతుక్కూర్చుని, పళ్ళు తోముకునే బ్రష్షుతో రుద్దాడు. తర్వాత మొలలోంచి అట్లకాడ తీసి, చువ్వల మధ్యలోంచి లోపలికి పోనిచ్చి, శ్రద్ధగా గోకడం మొదలుపెట్టాడు. ఊడిన బిళ్ళ ఒకటి అరచేతిలో వేసుకున్నాడు. మళ్ళీ గోకాడు.

"వీడే!" ఉదయ్ భాస్కర్ కుర్చీలోంచి లేచిపోయాడు. "పండగ పూట కూడా వదల్లేదు వెధవ! అట్లకాడతో వచ్చాడంటే ఎంత ప్లాన్ చేసి ఉండాలి! సిగ్గూ శరం లేని మనిషి!"

టీవీలో ఆ సిగ్గూ శరం లేని మనిషి ఒక్కో చక్రం దగ్గరా అదే పని చేశాడు. నాలుగూ అయ్యాక ప్రతి చక్రానికీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాడు. బండి చుట్టూ తిరిగి ముందుకొచ్చి కొబ్బరికాయ కొట్టాడు. రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుని, అప్పుడు సరిగ్గా కెమెరా వైపు తలెత్తాడు.

టీవీలో కనిపించింది ఉదయ్ భాస్కర్ ముఖమే.

"ఉదయ్ గారూ, వెధవ అన్నారు, అది మీటింగ్ మినిట్స్‌లో రాయమంటారా?" అని అడిగింది జయంతి గారు.

ప్రవీణ లేచి పర్సు తెరిచి, బల్ల మీద బోర్లించింది. బూడిదరంగు చదరపు బిళ్ళలు గలగలమంటూ పడ్డాయి. "వాషింగ్ మెషీన్ కుడి కాలు కింద నుంచి తీశానండీ. దసరా నుంచి అక్కడ సపోర్టుగా ఉన్నాయండీ. నేను రోజూ వాటి చుట్టే ఊడుస్తున్నానండీ" అంది. అండీలు మూడు. కోపం కాస్త దిగిందన్నమాట.

"నేను కంపెనీ వాళ్ళ స్టిక్కర్ ముక్కలనుకున్నాను" అన్నాడు ఉదయ్ భాస్కర్, ఎవరి వంకా చూడకుండా. "బొట్టు పెట్టడానికి శుభ్రంగా ఉండాలి కదా అని..."

"గవి తీయొద్దని చిన్నపోరగాళ్ళకు గూడ ఎర్కనే సార్. గందుకే నేను రిమ్ము లోపట చెయ్యి పెట్ట" అన్నాడు మల్లయ్య లేచి నిలబడి. "గ్రూపుల నా పేరు పెట్టిండ్రు కద. మాఫీ గూడ గ్రూపులనే పెట్టుండ్రి. గిప్పుడే."

ముప్పై మంది చూస్తుండగా ఉదయ్ భాస్కర్ ఫోన్ తీశాడు. రెండు వాక్యాలు రాయడానికి అతనికి పావుగంట పట్టింది. 'పొరపాటు జరిగింది' అని రాస్తే, ఎవరి వల్ల జరిగిందో కూడా రాయమంది జయంతి గారు. రాశాడు. పన్నెండేళ్ళ సర్వీసులో ఒక రిపోర్టులో అతను తన పేరు రాసుకోవడం అదే మొదలు.

ఇంటికి వచ్చాక లాప్‌టాప్ తెరిపించి, ఎక్సెల్ షీటులో ఎర్రగా ఉన్న మొదటి గడిని ప్రవీణ తన చేత్తో తెల్లగా చేసింది. పదిహేడో వరస కింద పద్దెనిమిదోది చేర్చి, 'అట్లకాడ' అని టైపు చేసింది. తర్వాత చెయ్యి చాచింది. అతను తాళం ఇచ్చాడు.

సోమవారం పొద్దున ఆమె ఔటర్ ఎక్కి తొంభై దాటింది, వంద దాటింది. స్టీరింగ్ ఆమె చేతుల్లో నిశ్చలంగా ఉంది. మల్లంపేట దగ్గర దిగి, ఏడూ యాభైకి కాలేజీ గేటు దాటి, సీనియర్ సెక్షన్ తలుపు తీసింది. భ్రమణ చలనం పాఠం ఆ రోజు ఎంత కసిగా చెప్పిందంటే, వెనక బెంచీలవాళ్ళు కూడా నోట్సు రాసుకున్నారు.

అదే సమయానికి కొండాపూర్‌లో ఉదయ్ భాస్కర్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, బుధవారం తన టీము ఎక్కడుందో మేనేజర్‌కి వివరిస్తూ ఉండగా, వాషింగ్ మెషీన్ స్పిన్‌లోకి వచ్చి వంటగది గుమ్మం దాటింది.